పల్లేర్లు రెండన్న మనిషి

మా ల్యాబ్ బాబాయి పోయిన సంగతి నాకు వాట్సాప్‌లో తెలిసింది. డిగ్రీ బ్యాచ్ గ్రూపులో ఒక గుడ్ మార్నింగ్ గులాబీకీ, రెండు గదుల పోర్షన్ కిరాయికి ఉందన్న ప్రకటనకీ మధ్య ఆ కబురు వచ్చింది: "మన బాటనీ ల్యాబ్ బాబాయి పొద్దున కాలం చేసిండు. కోదాడలనే, ఇంటి దగ్గర." కింద అందరూ దండాలు పెట్టారు. ఒకడు మాత్రం పొరపాటున బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టాడు. వెంటనే తీసేసి ఏడుపు ముఖం పెట్టాడు. అది మరీ ఎక్కువైందనుకున్నాడేమో, చివరికి అందరిలాగే దండంతో సరిపెట్టుకున్నాడు. ఆ ఒకణ్ణి నేనే. సంతాపం తెలపడంలో కూడా మూడో ప్రయత్నానికి గానీ పాసు కానివాణ్ణి. ఈ నాలుగు మాటలు రాయడానికి నాకున్న అర్హత అంతవరకే.

ఇలాంటివి రాసేటప్పుడు పోయినవాళ్లను ఒక మెట్టు పైన నిలబెట్టడం ఆనవాయితీ. బాబాయి మెట్లెక్కే రకం కాదు, మోకాళ్ల నొప్పులు. కోదాడలో మేము చదివిన డిగ్రీ కాలేజీలో ఆయన బాటనీ ల్యాబ్ అటెండర్. గాజు పలకలు కడగడం, మైక్రోస్కోపులకు బట్ట కప్పడం, ప్రాక్టికల్ పరీక్షకు ముందు రోజు ఊరంతా తిరిగి మొక్కలు ఏరుకురావడం ఆయన ఉద్యోగం. చదువు ఏడో తరగతి దగ్గర ఆగింది. లాటిన్ పేరు పలకవలసి వస్తే సగం పలికి, మిగతా సగాన్ని దగ్గుగా మార్చేవాడు. కానీ లెక్చరర్లు ఏ మొక్కనో చేతిలోకి తీసుకుని "ఇదీ..." అని సాగదీసినప్పుడు, ఆ సాగదీత ముగిసేలోపు బీకరు తుడుస్తున్నట్టుగా వచ్చి పక్కన నిలబడి పేరు అందించేది ఆయనే. సార్లు దాన్ని తమకు అప్పుడే గుర్తొచ్చినట్టు మాకు చెప్పేవారు. ఆయనకు అభ్యంతరం ఉండేది కాదు.

ఆయన నా మీద మొదట కన్నేసింది ఒక తంగేడు కొమ్మ వల్ల. మా కాలేజీలో ఒక పవిత్ర సంప్రదాయం ఉండేది. డిగ్రీలో ప్రతివాడూ మొక్కలు సేకరించి, ఎండబెట్టి, అట్టలకు అతికించి, కింద పేరూ ఊరూ రాసి ఒక ఫైలు ఇవ్వాలి. ఆ ఫైలు సీనియర్ దగ్గర నుంచి జూనియర్‌కు వంశపారంపర్యంగా వస్తుంది. మనం చేయవలసిందల్లా పై అట్ట మార్చి మన పేరు రాసుకోవడం. నేనూ భక్తితో అంతే చేశాను. ఫైలు ల్యాబ్‌లో ఇచ్చిన రోజు బాబాయి దాన్ని తెరిచి, మొదటి పేజీ దగ్గరే ఆగాడు.

"ఏం బిడ్డా, ఇది నువ్వే పట్టుకొచ్చినవా?"

"అవును బాబాయ్. మొన్న ఆదివారం, మా నిడమనూరు పొలాల గట్టు మీద."

"మొన్న ఆదివారమా?" ఆయన అట్టను వెలుతురు వైపు తిప్పాడు. "ఈ తంగేడాకుకు ఈడ పురుగు కొట్టిన బొక్క ఉన్నది సూడు. ఈ బొక్కను నేను నాలుగేండ్ల సంది సూస్తున్న. ఈ కొమ్మ ఇప్పటికి నాలుగు సార్లు ఫస్ట్ క్లాసుల పాసైంది. నువ్వు గూడ ఒక్కసారన్న పాస్ కావొద్దా?"

సార్‌కు చెబుతాడనుకున్నాను. ఆయన ఫైలు మూసి నా చేతిలో పెట్టాడు. "ఆదివారం పొద్దుగాల మా ఇంటికి రా. చెప్పులు కాదు, బూట్లేసుకొని రా."

అలా ఒక ఆదివారం ఆయన టీవీఎస్ బండి వెనక కూర్చుని మేళ్లచెరువు వైపు వెళ్లాను. ఆ దారిలో సిమెంటు లారీల దుమ్ము వల్ల చెట్లన్నీ ఒకే జాతివిగా కనిపిస్తాయి: బూడిద జాతి. నేను ఆ మాటే అన్నాను. బాబాయి బండి ఆపి, ఒక మొక్కను తుంచి, నా దగ్గరున్న నీళ్ల సీసాలో దాని కొమ్మ పెట్టి గిరగిరా తిప్పాడు. చూస్తుండగానే సీసాలో నీళ్లు కోడిగుడ్డు తెల్లసొనలా చిక్కబడి సాగసాగాయి.

"ఇది ఏనుగు పల్లేరు. తాగుతవా?"

"వద్దు బాబాయ్."

"సలువ చేస్తది. సరే, సూడు. దీని పేరు పల్లేరే, మన కాళ్లకు కుచ్చుకునే దాని పేరూ పల్లేరే. కానీ ఈ రెంటికి ఏ చుట్టరికం లేదు. ఇంటిపేరు ఒకటైతే చుట్టాలైపోతరా? మా ఇంటిపేరోడు ఒకడు ఎమ్మెల్యేగా నిలబడ్డడు. నాకేమన్న చాయ్ పోసిండా?"

తర్వాత నన్ను ఒక గుట్ట వెనక్కి తీసుకెళ్లాడు. సున్నపురాయి నేల, తెల్లటి మట్టి, ఎక్కడా నీడ లేదు. నేల మీద పల్లేరు తీగలు పాకి ఉన్నాయి, చిన్న చింతాకుల్లాంటి ఆకులు, పసుపు పువ్వులు. ఆయన మెడలో ఒక దారం ఉండేది. దానికి కాలేజీ పారేసిన మైక్రోస్కోపు నుంచి ఊడదీసిన కంటి గాజు వేలాడుతుండేది. దాన్ని నా చేతికిచ్చి, "ఏం కనపడుతున్నది?" అన్నాడు.

"పల్లేరు."

"పేరు ఎవడడిగిండు? పేరు మనం పెట్టింది బిడ్డా. తేడా అది పెట్టుకున్నది. తేడా చెప్పు."

అరగంట మోకాళ్ల మీద పాకాక తేడా కనిపించింది. అక్కడ తీగలు రెండు రకాలు. ఒకదాని పువ్వు చొక్కా గుండీ అంత. రెండోదాని పువ్వు రూపాయి బిళ్లంత. పల్లేరుకాయ ఎండితే ఐదు ముక్కలుగా విడిపోతుంది. చిన్న పువ్వు దానికి ఒక్కో ముక్కకు నాలుగు ముళ్లు, పైన రెండు పెద్దవి, కింద రెండు చిన్నవి. పెద్ద పువ్వు దానికి రెండే ముళ్లు, ముక్కంతా తెల్లటి నూగు. ఒకే గుట్ట మీద, జానెడు దూరంలో, చెట్టాపట్టాలేసుకుని పెరుగుతున్నాయి.

"ఏనుగు పల్లేరేమో పేరుకు చుట్టం, నెత్తుటికి కాదు. ఇవి రెండు అక్కచెల్లెండ్లు. అయినా ఇద్దరు ఇద్దరే, ఒక్కలు కాదు," అన్నాడు బాబాయి. "ఇరవై ఏండ్ల సంది చెప్తున్న. ఎవలు నమ్మరు."

నమ్మకపోవడమే కాదు, ఆయనకు 'డబల్ పల్లేరు' అని పేరు కూడా పెట్టారు. ఆ బిరుదు కూడా మా ఫైలులాగే బ్యాచ్ నుంచి బ్యాచ్‌కు వచ్చేది. మా పెద్ద సార్, బాటనీ హెడ్, మంచివారు. కానీ ఆయన తీర్పు స్థిరం: "పల్లేరు మనలాంటిదే. తిండి దొరికిన చోట ఒళ్లు చేస్తుంది. గుట్ట వెనక పల్లంలో నీళ్లు నిలుస్తాయి, పువ్వు పెద్దదవుతుంది, అంతే. ముళ్లంటావా, రాలిపోయి ఉంటాయి."

"రాలితే మచ్చ ఉండాలె గద సార్," అన్నాడు బాబాయి, మా ముందే, ట్రే తుడుస్తూ.

సార్ కోప్పడలేదు. "సరే. రెండింటినీ ఒకే మట్టిలో, ఒకే నీళ్లతో పెంచు. అప్పుడు కూడా తేడా కనిపిస్తే నేను ఒప్పుకుంటా."

న్యాయమైన మాట. ఆ సాయంత్రమే బాబాయి ఇంట్లో రెండు రంగు డబ్బాలు ఖాళీ అయ్యాయి. అడుగున బొక్కలు కొట్టి, ఒకే తట్టలోంచి మట్టి రెంటిలో పోసి, ఎడమ దాంట్లో చిన్న పల్లేరు గింజలు, కుడి దాంట్లో పెద్ద పల్లేరు గింజలు వేశాడు. ఆయన భార్యను మేము పిన్ని అనేవాళ్లం. ఆమెది జగ్గయ్యపేట వైపు. వాకిట్లోకి వచ్చి నడుం మీద చేయి పెట్టుకుని చూసింది.

"లోకంలో మనుషులు వాకిట్లో మల్లె తీగ పెట్టుకుంటారు, బంతి పెట్టుకుంటారు. ఈయనేమో పల్లేరు పెంచుతాడు. రేపు గుచ్చుకుంటే కట్టు కట్టడానికి నేనున్నానుగా."

"వచ్చే ఏడు రిటైరైత," అన్నాడు బాబాయి ఆమెతో కాదు, నాతో. "ఇంటికొచ్చినంక నేను ఏం చెప్పినా అది ముసలోని మాట. ఇప్పుడు చెప్తే కనీసం ల్యాబుల మాట. ఈ వానాకాలంలనే తేలాలె."

ఇక్కడి నుంచి కథలో నా పాత్ర మొదలవుతుంది. సున్నిత మనస్కులు రెండు పేరాలు దాటేసి చదువుకోవచ్చు.

మొక్కలు జానెడు పెరిగేసరికి బాబాయికి కంటి ఆపరేషన్ తేదీ వచ్చింది. శుక్లం. ఖమ్మంలో కూతురింట్లో పదిహేను రోజులు ఉండాలి, దుమ్ములోకి పోకూడదు, వంగకూడదు. పిన్ని కూడా వెంట వెళ్లింది. వాళ్ల వీధి చివరే నా గది కాబట్టి డబ్బాల బాధ్యత నాకు అప్పగించాడు. రోజూ పొద్దున ఒక్కో డబ్బాకు ఒక్కో చెంబు, ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. నేను చెంబు మీద చేయి వేసి ప్రమాణం చేశాను. ఐదు రోజులు నిష్ఠగా పోశాను. ఆరో రోజు మా ఊళ్లో స్నేహితుడి అన్న పెళ్లి. రెండు రోజుల్లో వద్దామని వెళ్లి, బరాత్‌లో డ్యాన్సు చేసి కాలు బెణికి, ఆరు రోజులు ఉండిపోయాను. ఆ ఆరు రోజులూ చినుకు పడలేదు. తిరిగొచ్చేసరికి ఎడమ డబ్బా వాడిపోయి, చెంబు నీళ్లతో లేచి కూర్చుంది. కుడి డబ్బా మాత్రం పుల్లలా ఎండిపోయింది.

నేను బాటనీ విద్యార్థిని. శాస్త్రీయంగా ఆలోచించాను. సార్ చెప్పిన దాని ప్రకారం రెండూ ఒకటే. ఒకటే అయినప్పుడు ఏది పెడితే ఏమిటి? బస్టాండు వెనక గోడ పక్కన మొగ్గ తొడగని పల్లేరు ఒకటి కనిపిస్తే, వేరుతో సహా పీకి తెచ్చి కుడి డబ్బాలో నాటాను. అది బతికింది. ఆ రాత్రి నాకు నిద్ర కూడా బాగానే పట్టింది, అబద్ధం చెప్పను.

బాబాయి కొత్త కన్నుతో వచ్చాడు. నల్ల కళ్లద్దాలు తీసి మొదట చూసింది డబ్బాలనే. వారం తర్వాత రెండూ పూశాయి. రెంటిలోనూ చొక్కా గుండీ అంత పువ్వులే. కాయలు వచ్చేదాకా ఆగాడు. రెంటికీ నాలుగేసి ముళ్లు. మర్నాడు ల్యాబ్‌కు వచ్చి, సార్ ముందు చేతులు కట్టుకుని నిలబడి, "మీరన్నదే నిజం సార్. నీళ్ల తేడానే," అన్నాడు. సార్ "పోనీలే, ప్రయత్నం చేశావు" అని భుజం తట్టారు. నేను వెనక బల్ల దగ్గర ఉల్లిపొర కోస్తూ తల ఎత్తలేదు. అగ్గిపెట్టెలో దాచిన గింజలన్నీ ఆయన పొయ్యిలో వేశాడని తర్వాత పిన్ని చెప్పింది. ఆ తర్వాత ఆదివారాలు ఎవరినీ గుట్టకు తీసుకెళ్లలేదు. మరుసటి ఏడు దండలు, శాలువా, ఒక గోడ గడియారంతో రిటైరయ్యాడు.

నేను పీజీ చేసి సూర్యాపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో బాటనీ లెక్చరర్‌నయ్యాను. దేశ భవిష్యత్తు గురించి దిగులు పడేవాళ్లకు అందుకు పూర్తి హక్కు ఉంది. నాలుగేళ్లు ఎవరికీ ఏమీ చెప్పలేదు. నిరుడు దసరా సెలవుల తర్వాత క్లాసులో ఒకమ్మాయి లేచి అడిగింది: "సార్, రెండు మొక్కలు కొంచెం వేరేగ ఉంటే, అవి వేరే జాతులా, లేకపోతే నేల వల్ల అట్ల అయినయా, ఎట్ల తెలుస్తది?"

"ఒకే మట్టిలో, ఒకే నీళ్లతో పెంచాలి. అప్పుడు కూడా తేడా నిలబడితే వేరే," అన్నాను గంభీరంగా.

"మీరెప్పుడన్న చేసిండ్రా సార్?"

"నోట్స్ రాసుకో," అన్నాను. ఆ శనివారమే కోదాడ బస్సెక్కాను.

బాబాయి చిక్కిపోయి ఉన్నాడు. చేతికర్ర వచ్చింది. పిన్ని చాయ్ పెట్టింది. ఊరి సంగతులన్నీ అయ్యాక అన్నాను.

"బాబాయ్, ఒక మాట చెప్పాలె."

"పెండ్లి కుదిరిందా?"

"కాదు. అప్పుడు ఆ కుడి డబ్బాల ఉన్నది నువ్వు పెట్టిన మొక్క కాదు. అది ఎండిపోయింది. నేను వేరేది తెచ్చి నాటిన."

ఆయన కప్పు కింద పెట్టాడు.

"యాడికెల్లి తెచ్చినవ్?"

"బస్టాండు ఎనక, గోడ పక్కన."

"వేరుతోని పీకినవా?"

"ఆ."

"పొద్దునా, మాపా?"

"మిట్టమధ్యాహ్నం."

"మధ్యాహ్నం పీకినా బతికిందంటే గట్టిదే," అన్నాడు. మొక్క సంగతి తేలాక మనిషి సంగతికి వచ్చాడు. గొంతు పెద్దది చేయలేదు. "నాలుగేండ్లు. సార్‌తోని నీళ్ల తేడా అన్న గని, నా పాత కన్ను నన్ను మోసం చేసిందనుకున్న రా. మసక కన్నుతోని చిన్న పువ్వును పెద్దగ సూసిన, నాలుగు ముండ్లల్ల రెండు సూడలేకపోయిన అనుకున్న. ఆపరేషన్ అయినంక సూసిందే నిజం, అంతకు ముందు ఇరవై ఏండ్లు సూసిందంత తప్పు అనుకున్న. ఆ గుట్ట దిక్కు మొఖం తిప్పలే. తెలుసా నీకు?"

నా దగ్గర జోకు లేదు. అప్పటికీ ఇప్పటికీ.

"తిట్టవయ్యా, అలా చూస్తూ కూర్చుంటావేంటి?" అంది పిన్ని గుమ్మంలోంచి. "నేనైతే ఈపాటికి చీపురు తీసేదాన్ని."

"తిడితే మొలుస్తదా?" అన్నాడు బాబాయి. చేతికర్ర అందుకున్నాడు. "గింజలు కావాలె. బండి తీయి."

మేళ్లచెరువు వైపు వెళ్లాం. ఈసారి నేను నడిపాను, ఆయన వెనక కూర్చున్నాడు. గుట్ట ఉన్న చోట గుట్ట లేదు. సున్నపురాయి తవ్విన పెద్ద గుంత, దాని అంచున లారీలు తిరిగే మట్టి బాట. బాట పక్కన చిన్న పల్లేరే ఉంది, ఎంత వెతికినా చిన్నదే. నేను క్షమాపణ లాంటిదేదో కూడగట్టుకుంటుంటే, ఆయన గుంతను చూడడం లేదు. ఆగి ఉన్న ఒక లారీ టైరును చూస్తున్నాడు. కర్ర కొనతో టైరు గాట్లలోని మట్టిని గీకి, దాంట్లోంచి ఒక ముల్లు తీశాడు. అది ఏ పల్లేరుదో చెప్పలేనంతగా నలిగిపోయి ఉంది.

"డ్రైవరన్నా, ఈ బండ్లు యాడికి పోతయి?"

"ఎక్కువ మిర్యాలగూడకే పెద్దాయనా. సిమెంటేసుకొని పోతం, బియ్యమేసుకొని వస్తం."

బాబాయి నా వైపు తిరిగాడు. "పల్లేరుకు కాళ్లు లెవ్వు. అందుకే ముండ్లు పెట్టుకున్నది. అది లారెక్కి పోయింది. నువ్వు బస్సెక్కి పో."

అలా కార్తీక మాసమంతా ఆదివారాలు నేను మిర్యాలగూడలో తలవంచుకుని తిరిగాను. ప్రేమలో ఓడినవాడిలా కనిపించి ఉంటాను. లారీలు ఆగే జాగాలు, రైస్ మిల్లుల వెనక ఖాళీ స్థలాలు, స్టేషన్ గోడ. అన్నిచోట్లా చిన్న పల్లేరే. మూడో ఆదివారం ఒక మిల్లు ముందు ధాన్యం ఎత్తుతున్న ఒకామె చేట ఆపి అడిగింది.

"ఏం బోయింది సారూ? ఉంగరమా?"

"కాదమ్మా. పల్లేరు కోసం చూస్తున్న."

"పల్లేరు కోసమా!" ఆమె పక్కనున్న వాళ్లతో, "సూడుండ్రే, అందరు దాన్ని తప్పించుకొని నడుస్తరు, ఈ సారు దానికోసం నడుస్తుండు," అంది. నవ్వులయ్యాక మళ్లీ నా వైపు తిరిగింది. "ఏ పల్లేరు సారూ? నాలుగు పోట్లదా, రెండు పోట్లదా?"

నేను నిలబడిపోయాను. "రెండున్నయా అమ్మా?"

"లెవ్వా మరి? మేం ఉత్త కాళ్లతోని తిరుగుతం. ఒకటి కుచ్చుకుంటే సుర్రుసుర్రుమని అంతటా గీరుకుంటది. ఇంకోటి కుచ్చుకుంటే లోతుకు దిగుతది, గుంజితే గాని రాదు. అది ఆ కాటా ఎనక ఉంటది. మేం ఆ దిక్కు పోం."

లారీలు తూచే కాటా వెనక, సిమెంటు పొడి కలిసిన మట్టిలో, ఆ తీగ ఉంది. ఆ ఏటికి చివరిదేమో, ఒకే ఒక్క పువ్వు. ఫోటో తీసి బాబాయికి పంపాను. కాసేపటికి వాయిస్ మెసేజ్‌లో ఆయన గొంతు వచ్చింది: "పువ్వు కాదురా, కాయ సూపియ్యి." కాయ విడదీసి, ముక్కను గోరు మీద పెట్టి పంపాను. రెండు ముళ్లు, తెల్లటి నూగు. ఈసారి బదులు రావడానికి ఆలస్యమైంది. వచ్చాక అందులో మాటల్లేవు. వెనక పిన్ని ఎవరినో "బియ్యం కడిగావా" అని అడగడం, ఆయన ఊపిరి, అంతే.

ఆ మిల్లు దగ్గరి ఆమె అరికాలి సంగతి నేను చెప్పినప్పుడు మాత్రం ఆయన పడిపడి నవ్వాడు. "ఇరవై ఏండ్లు నేను కండ్లతోని చెప్పిన. ఆమె కాలితోని చెప్పింది. మన సార్లకు బూట్లున్నయి గద, ఎట్ల తెలుస్తది?"

గింజలు ఎండాకాలం చివర వేశాం. మళ్లీ అవే రెండు డబ్బాలు. మొదటి వానకు మొలిచాయి. నేను వెళ్లేసరికి రెంటిలోనూ వేలెడంత మొక్కలు, ఒకదాన్ని చూసి ఒకటి రాసినట్టున్నాయి. బాబాయి మంచం వాకిట్లోకి మార్పించుకున్నాడు. లేవడం లేదు.

"రెండు ఒక్క తీరుగనే ఉన్నయి బాబాయ్."

"పొత్తిళ్ల పిల్లలు గద. అప్పుడే ఏం తెలుస్తది." డబ్బాల వైపు ఒత్తిగిలి అన్నాడు. "నేనుంటనో ఉండనో. పూసినంక సార్‌ను పిలువు. ఒకటే తీరుగ పూస్తే ఒకటే తీరుగ పూసినయని చెప్పు. నా మీద ప్రేమతోని పెద్దది చేసి చెప్పకు. ఒకసారి చేసినవ్, సాలు."

నేను సరేనన్నాను. ఈసారి చెంబు మీద చేయి వేయమనలేదు, నీళ్ల బాధ్యతా ఇవ్వలేదు. పది రోజులకు గ్రూపులో ఆ కబురు వచ్చింది.

బాబాయి పోయిన పదకొండో రోజు, కర్మ నాటి పొద్దున ఎనిమిదింటికి నేను వాకిట్లోకి అడుగుపెట్టేసరికి షామియానా వాళ్లతో పిన్నికి పంచాయితీ నడుస్తోంది.

"అమ్మా, ఈ డబ్బాలు జర పక్కకు పెడ్తం. గుంజ ఈడనే పాతాలె."

"గుంజే పక్కకు పెట్టుకోండి."

"గుంజ జరిపితే ఈ మూల బట్ట అందదమ్మా. ఎండొస్తది."

"రానీ. వాటికి ఎండే కావాలి."

వాళ్లు నన్ను చూశారు, మగదిక్కు కదా, ఏమైనా చెబుతానేమోనని. నేను డబ్బాల ముందు కూర్చున్నాను. ఎడమ డబ్బాలో ఐదారు పువ్వులు, చొక్కా గుండీలు. కుడి డబ్బాలో ఒకే ఒక్కటి, అప్పుడే విచ్చుకుంటోంది. ఇలాంటప్పుడు మనిషి ఏడవాలి. నేను స్కేలు కోసం వెతికాను. దొరకలేదు. జేబులోంచి రూపాయి బిళ్ల తీసి పక్కన పెట్టాను. పువ్వు బిళ్ల కంటే రవ్వంత పెద్దదే. పెద్దది చేసి చెప్పడం లేదు.

సార్‌కు ఫోన్ చేసి, భోజనాలకు కాదు, పువ్వు ముడుచుకోకముందే రమ్మన్నాను. తొమ్మిదిన్నరకు వచ్చారు. జుట్టంతా నెరిసింది. బాబాయి ఫోటోకు దండం పెట్టి, నేరుగా డబ్బాల దగ్గరకు వచ్చి, ప్యాంటు మోకాళ్ల దగ్గర పైకి లాక్కుని కూర్చున్నారు. అంతకు ముందే ఫోన్లో ఆయనకు అన్నీ చెప్పాను, బస్టాండు గోడతో సహా. ఆయన పిన్ని వైపు తిరిగారు.

"మట్టి ఒకటేనామ్మా?"

"ఒకే తట్టలోదండీ. నేనే పోశాను," అంది పిన్ని. "నీళ్లూ నేనే పోశాను. ఈసారి ఎవరికీ అప్పజెప్పలేదు." ఆ చివరి మాట ఎటు చూసి అందో నాకు తెలుసు.

సార్ పువ్వును ముట్టుకోలేదు. కింద ఆకులు తొలగించి, కాడ మీది నూగు చూశారు. తీగ మొదట్లో, ముందే ఆకుల చాటున ఎవరి కంటా పడకుండా పూసి కట్టిన లేత పిందె ఒకటి కనిపించింది. దాన్ని గోటితో కొద్దిగా ఎత్తి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, చాలాసేపు చూశారు.

"రెండే ఉన్నాయి ముళ్లు," అన్నారు.

"కొత్త జాతా సార్?" అన్నాను.

"ఛ, కాదు. పుస్తకాల్లో ఉండే ఉంటుంది, మనం పేజీ తిప్పలేదంతే." లేవబోయి, మోకాలు పట్టేసి, నా భుజం ఆసరా తీసుకున్నారు. "గుట్ట పాతిక కిలోమీటర్లు కూడా లేదు. ఇరవై ఏళ్లు రమ్మన్నాడు. నేను ఒక్కసారీ పోలేదు."

పిన్ని ఆయనకు మంచినీళ్లు ఇచ్చి, "అయితే ఈయన చెప్పింది నిజమేనంటారా?" అని అడిగింది. సార్ గ్లాసు పట్టుకుని, తాగకుండా, తల ఊపారు. ఆమె కొంగుతో ముఖం ఒత్తుకుని, "వంటవాళ్లు పప్పులో ఉప్పు వేశారో లేదో" అంటూ లోపలికి వెళ్లిపోయింది.

భోజనాల వేళకు వాకిలంతా నీడ పరుచుకుంది, ఆ ఒక్క మూల తప్ప. అక్కడ షామియానా బట్ట తాడుకు చుట్టి వదిలేసి ఉంది, రెండు డబ్బాల మీద ఎండ నిలువునా పడుతోంది. నీడలో చాలా కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. సార్ విస్తరి చేత్తో పట్టుకుని కాసేపు నిలబడ్డారు. తర్వాత ఒక కుర్చీ ఈడ్చుకుంటూ వెళ్లి, ఆ ఎండలో, డబ్బాల పక్కన వేసుకుని కూర్చున్నారు.